రెండో ఫ్యూజు

"ఈ బోర్డు మీదున్న మనిషి మా నాన్నని చంపాడు."

మైకు పట్టుకున్న కళ్ళజోడావిడ గొంతు పెంచలేదు. అయినా వెనక వరసలో కునుకు తీస్తున్న ముసలాయన కూడా ఉలిక్కిపడి లేచాడు.

అర నిమిషం క్రితం దాకా అదే మైకు గ్రీజు మామయ్య చేతిలో ఉంది. బుల్లి వాళ్ళ నాన్న దగ్గర లిఫ్టుల పని నేర్చుకున్న మొదటి శిష్యుడాయన. డెబ్భై దాటినా గోళ్ళ సందుల్లో గ్రీజు వదల్లేదు కాబట్టి పేరూ వదల్లేదు. "లోకంలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తారు. మా గురువుగారు మాత్రం కళ్ళు బార్లా తెరుచుకుని చేసేవారు. ఇదేం భక్తండీ అనడిగితే, 'దేవుడి మీద నాకు నమ్మకం ఉందిరా, నీ మీదే లేదు' అనేవారు" అని ఆయన చెప్పగానే హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వు ఇంకా ఆరకముందే ఆవిడ మెట్లెక్కి వచ్చి, "ఒక్క నిమిషం బాబాయ్‌గారూ" అని చెయ్యి చాపింది. ఎవరో దూరపు చుట్టం కాబోలనుకుని ఆయన మైకు ఇచ్చేశాడు.

ఇప్పుడు ఆయన నోరు తెరుచుకునే ఉంది.

బుల్లి గోడ పక్కన నిలబడి ఉంది. వయసు యాభై మూడు, జుట్టు సగం తెల్లబడింది, నగరంలో సగం లిఫ్టులు ఇన్‌స్పెక్టరుగా ఆమె సంతకం లేకుండా కదలవు. ఇంట్లో మాత్రం ఇంకా బుల్లే. నాన్న వృత్తి ముగ్గురు పిల్లల్లో ఆమె ఒక్కదానికే వచ్చింది. ఆమె భుజం పక్కనే గోడకి తెల్లగుడ్డ కప్పిన బోర్డు ఉంది. లిఫ్టు మెకానిక్కుల సంఘం కొత్తగా కట్టించిన శిక్షణ గదికి, నాన్న సంస్మరణ సభ జరిపి ఆయన పేరు పెడుతున్నారు. పదకొండింటికి గుడ్డ తియ్యాలి. గడియారంలో పదీ నలభై అయింది.

"మీరంతా ఆయన తొంభై మూడేళ్ళు ఎంత గొప్పగా బతికాడో చెప్పుకుంటున్నారు," అంది కళ్ళజోడావిడ. "మా నాన్న ముప్పై అయిదేళ్ళ దగ్గరే ఆగిపోయాడు. పదకొండేళ్ళు ఈయనకి జతగాడు. మా నాన్న లిఫ్టు క్యాబిను మీద ఉండగా ఈయన ఫ్యూజు పెట్టాడు. క్యాబిను లేచింది. నేనే పెట్టానని ఈయనే రాసిచ్చాడు, జైలుకీ వెళ్ళాడు. ఇది నేను కల్పించింది కాదు. ఇప్పుడా పేరున్న గదిలో కూర్చోబెట్టి కుర్రాళ్ళకి జాగ్రత్తలు నేర్పుతారా? నేర్పండి. ఆ గుడ్డ తీసే ముందు ఈ మాట కూడా బోర్డు మీద రాయండి."

"ఎవరమ్మా నువ్వు? చావింటి మర్యాద తెలీదా?" ఎవరో అరిచారు.

"చావిల్లు మాదీ. నలభై నాలుగేళ్ళుగా."

ముందు వరసలో కూర్చున్న సంఘం అధ్యక్షుడు లేచాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడతలా ఉండే మనిషి. బుల్లి దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు: "అమ్మా, మీ నాన్నగారంటే నాకూ గౌరవమే. కానీ ఇంతమంది ముందు ఈ మాట పడ్డాక నేను గుడ్డ ఎలా తియ్యను? పదకొండు దాకా టైముంది. తేల్చుకోండి. తేలకపోతే బోర్డు లారీ ఎక్కుతుంది. మళ్ళీ గోడకెక్కించమని నన్నడగొద్దు."

బుల్లి తలూపి వేదిక దగ్గరికి నడిచింది. ఆమెకి ఆ కళ్ళజోడావిడ తెలుసు. మాట్లాడింది మాత్రం ఎన్నడూ లేదు. ప్రతి శనివారం నాన్న ఆవిడ ఇంటి గుమ్మం ముందు నిలబడేవాడు. తలుపు తెరిచేవారు కాదు. అయిదు నిమిషాలు చేతులు జోడించి, కళ్ళు తెరిచి, ప్రార్థన చేసుకుని వచ్చేసేవాడు. వానలోనూ వెళ్ళాడు, జ్వరంతోనూ వెళ్ళాడు, తొంభై ఏళ్ళు దాటాక చేతికర్రతోనూ వెళ్ళాడు. కిటికీ రెక్క సందులో ఒక ఆడపిల్ల మొహం కనిపించేదని ఒకసారి ఇంట్లో చెప్పాడు.

"రండి. లోపల మాట్లాడుకుందాం."

"మాట్లాడ్డానికేముంది? ఆయన రాసిన కాగితం ఉంది."

"ఆ కాగితం నేనూ చదివాను. మీ చేతిలో ఉన్నదేమిటి?"

ఆవిడ చేతిలో పాతబడి పసుపెక్కిన కవరొకటి ఉంది. నోరు తాడుతో కట్టి ఉంది.

*

పక్క గది కుర్రాళ్ళ వర్కుషాపు. గోడకి నమూనా ఫ్యూజు బోర్డు, మూలన సగం విప్పిన మోటారు, బల్ల మీద స్పానర్లు. అన్నయ్య ముందే వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. అరవై ఒక్కేళ్ళ మనిషి, ఆ ప్రమాదం తర్వాత మళ్ళీ లిఫ్టెక్కలేదు. ఎనిమిదో అంతస్తులో ఆఫీసు పనున్నా మెట్లే. అక్క చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. ఆస్పత్రిలో వార్డు చూసుకుని రిటైరైన మనిషి కాబట్టి అమ్మ బాధ్యత ఆమెదే. కుర్చీలో అమ్మ. ఎనభై ఆరేళ్ళు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి మాటా పోయింది, రాసే చెయ్యీ పోయింది. బుర్ర మాత్రం చురకత్తి. ఎడమ చేత్తో ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లు నొక్కితే కాదు. అంతే ఆమె భాష.

అన్నయ్య, అక్క ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అది కొత్తేం కాదు. ఊహ తెలిసినప్పటి నుంచీ బుల్లి వాళ్ళిద్దర్నీ అలాగే చూస్తోంది. ఒకరింటికి ఒకరు వెళ్ళేవాళ్ళు, పెట్టింది తినేవాళ్ళు, ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుని వచ్చేసేవాళ్ళు.

కళ్ళజోడావిడ కవరు బల్ల మీద బోర్లించింది. నాలుగు చొక్కా గుండీలు. పళ్ళు విరిగిన దువ్వెన. ఒక తెల్లటి పింగాణీ ముక్క, గుప్పిట్లో పట్టేంత.

బుల్లి ఆ ముక్క మీదికి వంగింది.

"ఇది ఎక్కడిది?"

"మా నాన్న చొక్కా జేబులోది. ఆస్పత్రి వాళ్ళు కట్టిచ్చిన కవరు మా అమ్మ బతికుండగా విప్పలేదు. పోయిన నెల ఆవిడ పోయింది. బీరువా సర్దుతుంటే దొరికింది. నేను మందుల షాపు నడిపేదాన్ని. ఇదేంటో కూడా నాకు తెలీదు. కానీ ఆయన ఒంటి మీద చివరిగా ఉన్నవి ఇవే. మీ అందరి కళ్ళముందూ పెట్టాలనిపించింది, తెచ్చాను."

"ఇది ఫ్యూజు," అంది బుల్లి. "పాత లిఫ్టుల మెయిన్ ఫ్యూజు."

ప్రతి కొత్త బ్యాచికీ ఆమె చెప్పే మొదటి పాఠం ఇదే. నాన్న దగ్గర నేర్చుకున్నదీ ఇదే. లిఫ్టు గుంటలోకి దిగే ముందు, క్యాబిను మీదికి ఎక్కే ముందు, ఫ్యూజు ఊడబీకి నీ జేబులో వేసుకో. పక్కవాడి జేబులో కాదు, బోర్డు గూట్లో కాదు, నీ జేబులో. అది నీ దగ్గరున్నంతసేపూ లిఫ్టు శవం. నువ్వు బయటికొచ్చి నీ చేత్తో పెడితేనే దానికి ప్రాణం.

ఇన్‌స్పెక్టరు అయిన కొత్తలో ఆమె పాత ఫైళ్ళ గదిలో దుమ్ము పీలుస్తూ ఆ కేసు వెతికి చదివింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాన్న వాంగ్మూలం నాలుగే వాక్యాలు. బోర్డు గూట్లో పెట్టి ఉన్న ఫ్యూజుని, జతగాడు లోపలున్న సంగతి మరిచిపోయి, నేనే బిగించాను. స్వాధీనం చేసుకున్న వస్తువు: ఫ్యూజు ఒకటి, ముద్దాయి జేబులోంచి.

"ఫ్యూజు మీ నాన్నగారి జేబులో ఉంది," బుల్లి మెల్లగా అంది. "అలాంటప్పుడు గూట్లో ఫ్యూజు ఉండే అవకాశమే లేదు. మా నాన్న రాసింది అబద్ధం."

"అబద్ధం చెప్పి జైలుకెవరు వెళ్తారండీ? నన్ను చిన్నపిల్లని చేస్తున్నారా?"

"మీరు అయిదు నిమిషాలు బయట కూర్చోండి. నన్ను నమ్మండి."

"మీ ఇంటిని నమ్మడమా?" ఆవిడ నవ్వలేదు. బల్ల మీద ఫ్యూజు తీసి గుప్పిట్లో బిగించుకుంది. "పది యాభై అయిదుకి మళ్ళీ మైకెక్కుతాను. ఈలోగా ఏం వండుతారో వండుకోండి."

తలుపు మూసుకుంది. అద్దం అవతల ఆవిడ నీడ కదలకుండా నిలబడింది.

*

"రెండో ఫ్యూజు," అంది బుల్లి. "స్పేరు. అది ఎక్కడుండేది?"

అన్నయ్య చూపు కిటికీ అవతలికి మళ్ళింది.

"నాకు గుర్తుంది. వంటింట్లో పై అరలో, మూతకి సొట్ట పడ్డ రేకు డబ్బాలో. మనం ఆ బిల్డింగులోనే కదా ఉండేవాళ్ళం, కింద, లిఫ్టు తలుపుకి నాలుగడుగుల దూరంలో. డబ్బా సంగతి బయటివాళ్ళకి తెలీదు. నేను ఆ వేళ స్కూల్లో ఉన్నాను. మరి మీరెక్కడున్నారు?"

"బుల్లీ, వదిలెయ్," అన్నాడు అన్నయ్య.

"నాన్న మధ్యాహ్నం ప్రార్థన చేసుకునే టైములో జరిగింది. పన్నెండూ అయిదుకి. రిపోర్టులో ఉంది. నాన్న ప్రార్థన మధ్యలో లేచి ఏడంతస్తులు దిగి ఫ్యూజు పెట్టాడా? ఇల్లంటుకున్నా లేవని మనిషి!"

"వదిలెయ్యమన్నానా!"

"నువ్వు ఆ వేళ నాన్నతో డాబా మీదున్నావు. కాలేజీ సెలవులు. పనిముట్లు అందించడానికి వెళ్ళావు. చెప్పన్నయ్యా."

అన్నయ్య కిటికీ చువ్వ పట్టుకున్నాడు. పదిహేడేళ్ళప్పుడు మింగిన మాట అరవై ఒకటో ఏట పైకొచ్చింది.

"నాన్న మోటారు గదిలో మోకాళ్ళ మీద ఉన్నారు. కళ్ళు మూసుకుని. ఇంట్లో వాళ్ళందరి పేర్లూ ఒక్కొక్కటే చెప్పుకుంటున్నారు. మోటారు తిరిగింది. దానంతటది. నాన్న వేసిన కేక... ఇప్పటికీ నా నిద్రలో అదే కేక. నాన్న కాదే. నా కళ్ళారా చూశాను. కిందకి పరిగెత్తారు, నేను వెనకాల. నన్ను మెట్ల మీదే ఆపేసి, నువ్వేం చూళ్ళేదు, దేవుడి మీద ఒట్టెయ్యి అన్నారు. వేశాను."

"ఎవర్ని కాపాడ్డానికి?"

అన్నయ్య మొదటిసారి అక్క వైపు చూశాడు. "అది చిన్నపిల్ల అప్పుడు. పద్నాలుగేళ్ళు. తెలిసి చేసిందా ఏమన్నానా..."

అక్క చేతిలోని మందుల సంచీ కిందపడింది.

"నేనా?" అంది. "నేనేంట్రా? స్కూలు మానేశాను కానీ ఆ టైముకి ఇంట్లోనే లేను! పొద్దున లిఫ్టు ఆపకముందే నాలుగో అంతస్తు టీచరుగారింటికి కబుర్లకెళ్ళిన నానమ్మకి అక్కడే ఆయాసం ముంచుకొచ్చింది. డాక్టర్ని పిలుచుకురమ్మంటే వీధి చివరిదాకా చెప్పుల్లేకుండా పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. నేను అనుకున్నది నువ్వని! నువ్వు ఫ్యూజులతో ఆడేవాడివి, నాన్న చేత రెండుసార్లు తన్నులు తిన్నావు. నిన్ను చూస్తే నాకు ఒళ్ళు మండేది. మనిషిని చంపి, తండ్రిని జైలుకి పంపి, ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాడని. నలభై నాలుగేళ్ళురా!"

"నేనూ అదే అనుకున్నానే. నిన్ను చూసి."

అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. అక్క నవ్విందో ఏడ్చిందో తెలియని చప్పుడు చేసింది. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకర్నొకరు హంతకులనుకుని, ఆ మాట బయటపడకుండా ఒకర్నొకరు కాపాడుకుంటూ వచ్చారు.

బుల్లి వాళ్ళని చూడ్డం లేదు. ఆమె బుర్రలో అడ్డకట్టలు ఒక్కొక్కటే తెగుతున్నాయి.

"అక్కా. డాక్టరు కోసం నిన్ను పంపిందెవరు?"

"అమ్మ."

"పంపుతూ ఏమంది?"

"నువ్వు వెళ్ళి తీసుకురా, ఈలోగా నేను నానమ్మని కిందకి..." అక్క ఆగిపోయింది.

నానమ్మ భారీ మనిషి. ఆయాసంతో నాలుగంతస్తుల మెట్లు దిగలేదు. లిఫ్టు ఆపేసి ఉంది. కిందకి ఎలా దింపుతానంది?

ముగ్గురూ ఒకేసారి చక్రాల కుర్చీ వైపు తిరిగారు.

అమ్మ వాళ్ళనే చూస్తోంది. తల వంచలేదు. పడిపోయిన పెదవి చివర తడి మెరిసింది.

"ఒద్దు," అంది అక్క. "బుల్లీ, ఒద్దే. బీపీ ఇప్పటికే ఎక్కువుంది. ఇంకోసారి పక్షవాతం వస్తే మిగలదు. నేను చెబుతున్నా."

బుల్లి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని అమ్మ ఎడమ చెయ్యి అందుకుంది. జీవితంలో వందల ప్రమాదాలు విచారించింది. ఎవర్ని ఏమడగాలో ఆమెకి తెలుసు.

"అమ్మా. రేకు డబ్బా నువ్వే తీశావా?"

ఒకసారి.

"నాన్న ఫ్యూజు పెడుతుంటే చూసి నేర్చుకున్నావు. అంతకుముందు కూడా పెట్టావా?"

ఒకసారి.

"లోపల మనిషున్నాడని తెలుసా?"

రెండుసార్లు. గట్టిగా. గోళ్ళు దిగేలా.

"ఎందుకు తెలీదు?" అని తనని తనే అడిగినట్టు అంది. గూట్లో ఫ్యూజు లేదంటే లోపల మనిషున్నట్టే. లిఫ్టు మెకానిక్కు పెళ్ళానికి ఆ సంగతి తెలీకపోవడమేమిటి? అప్పుడు గుర్తొచ్చింది. "ప్రార్థన టైము! నాన్న ప్రార్థనకి కూర్చుంటే గుంటలోనూ క్యాబిను మీదా ఎవరూ ఉండకూడదని ఆయన రూలు. నేను దేవుడితో మాట్లాడుతుంటే నీ ప్రాణం ఎవడు చూస్తాడురా, బయటికిరా అనేవారు. పన్నెండయితే జతగాడు బయటికొచ్చి వీధి కొళాయికెళ్ళి నీళ్ళు తాగేవాడు. పదకొండేళ్ళూ అంతే. ఆ వేళ పన్నెండు కొట్టింది. ఇక లోపలెవరూ లేరనే అనుకున్నావు. ఫ్యూజు జేబులో మరిచిపోయి నీళ్ళకెళ్ళాడనుకున్నావు. నాన్న ప్రార్థనని నమ్మి పెట్టావు. అంతేనా?"

అమ్మ చెయ్యి నొక్కింది. నొక్కి వదల్లేదు.

"అతనెందుకు రాలేదు మరి?" అన్నాడు అన్నయ్య బొంగురు గొంతుతో. తనే జవాబు చెప్పుకున్నాడు. "ఆ వేళ త్వరగా వెళ్ళాలన్నాడు. కూతురి స్కూల్లో ఏదో పాటల పోటీ. ఇంకో పది నిమిషాల పనేనన్నాడు. నాన్న, 'సరే, ముందు బయటికి రా' అని పైనుంచి కేకేశారు. వచ్చాడో లేదో చూడకుండా కళ్ళు మూసుకున్నారు."

గ్రీజు మామయ్య జోకు బుల్లి చెవిలో మళ్ళీ మోగింది. ఆ వేళ తర్వాత నాన్న చచ్చేదాకా కళ్ళు మూసి ప్రార్థన చెయ్యలేదు. పద్దెనిమిది నెలలు జైల్లో ఉండొచ్చాడు. లైసెన్సు పోయింది. అయిదేళ్ళు వేరేవాళ్ళు బాగుచేసే లిఫ్టుల పక్కన మెట్లు తుడిచాడు. లైసెన్సు తిరిగొచ్చాక ఇరవై ఏళ్ళు కుర్రాళ్ళకి పని నేర్పాడు. వాళ్ళలో ఒక్కడికి చిటికెనవేలు కూడా పోలేదు. ఎక్కడా తన తప్పు కాదని అనలేదు. అనుకోనూ లేదేమో. చూడాల్సింది తనేనని ఆయన లెక్క.

ఆయన కిందకొచ్చేసరికి అమ్మ ఫ్యూజు బోర్డు దగ్గర నిలబడి ఉండుంటుంది. స్పేరు ఊడబీకి తన జేబులో వేసుకునుంటాడు. ఆయాసంతో ముసలి తల్లి, చదువుకునే పిల్లలు ముగ్గురు. మగవాడు జైలుకెళ్తే కుంటుకుంటూనైనా ఇల్లు నడుస్తుంది. అమ్మ వెళ్తే నడవదు.

తలుపు మీద వేలి చప్పుడు. అధ్యక్షుడి గొంతు: "పది యాభై మూడు అమ్మా."

*

"ఇక్కడితో ఆపేద్దాం," అంది అక్క. కళ్ళు తుడుచుకుని మళ్ళీ వార్డు చూసే మనిషైపోయింది. "బోర్డు లారీ ఎక్కితే ఎక్కనీ. నాన్నకి బోర్డులు అక్కర్లేదు. అమ్మ కోసమే కదా మోశారు? ఆయన మోసింది మనం నడివీధిలో పడేస్తామా?"

"ఆవిడ ఎవరి మీద కోపం పెట్టుకుని బతికిందో చూశావా?" అంది బుల్లి. "నలభై నాలుగేళ్ళు తప్పు మనిషిని తిట్టుకుంది. వాళ్ళమ్మ తప్పు మనిషికి తలుపేసింది. మనం అది తెలిసీ ఇంటికెళ్ళి భోంచేద్దామా?"

"భోంచెయ్యకు. ఎవరు చెయ్యమన్నారు?"

"నేను చెబుతాను," అన్నాడు అన్నయ్య లేచి. "నేనే పెట్టానని చెబుతాను. పదిహేడేళ్ళ కుర్రాడు, ఫ్యూజులతో ఆడేవాడు. ఎవరైనా నమ్ముతారు. ఇదిగో, సొంత చెల్లెలే నమ్మింది. నాన్న పేరూ నిలుస్తుంది, అమ్మా నిలుస్తుంది."

"నీ పిల్లలకేం చెబుతావురా?"

"నాన్న మనకేం చెప్పారు?"

బుల్లి అమ్మ చెయ్యి వదల్లేదు. "అమ్మా, నిన్నే అడుగుతున్నాను. బయట చెప్పనా?"

"అడక్కు!" అంది అక్క.

ఒకసారి.

"అన్నయ్య పేరు చెప్పమంటావా?"

రెండుసార్లు. ఆ తర్వాత చెయ్యి విడిపించుకుని, వణికే వేలితో తలుపు చూపించింది. అద్దం అవతలి నీడని చూపించింది. తర్వాత అదే వేలు తన గుండెల మీద పెట్టుకుంది.

అక్క మొహం చేతుల్లో దాచుకుంది. బుల్లి లేచి కుర్చీ చక్రాల బ్రేకు తీసింది. తల తిప్పేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది.

అన్నయ్య గదిలో లేడు.

*

కుర్చీ తోసుకుంటూ ఆమె హాల్లోకి వచ్చేసరికి అన్నయ్య మెట్లెక్కి వేదిక సగం దాటేశాడు. మెట్లంటే అతనికి అలవాటు మరి. అన్న టైముకి మళ్ళీ వేదికెక్కిన కళ్ళజోడావిడ చేతిలోంచి మైకు లాక్కున్నంత పని చేశాడు.

"మా నాన్న మీ నాన్నని చంపలేదు." హాలు గప్‌చుప్‌ అయింది. "ఆ వేళ నేను మా నాన్నతో ఉన్నాను. ఆయన ప్రార్థనలో ఉన్నారు. నా నెత్తి మీది నేరం ఆయన నెత్తినేసుకున్నారు. ఆ ఫ్యూజు పెట్టింది..."

"అన్నయ్యా, ఆగు!"

"...నేనే."

హాల్లో ఒక్కసారి కలకలం రేగింది. కుర్చీలు కిర్రుమన్నాయి. గ్రీజు మామయ్య, "ఒరేయ్, నువ్వా?" అని గుండె మీద చెయ్యేసుకున్నాడు. అధ్యక్షుడు గడియారం చూడ్డం మానేశాడు. కళ్ళజోడావిడ అన్నయ్య మొహంలోకి చూస్తూ నిలబడింది. చూస్తూ చూస్తూ గుప్పిట విప్పింది. అరచేతిలో తెల్లటి ఫ్యూజు.

"మీరా?" అంది. "మీరే అయితే చెప్పండి. ఇది మా నాన్న జేబులో ఉంటే, మీరు ఏ ఫ్యూజు పెట్టారు? ఎక్కణ్ణించి తెచ్చారు? డాబా మీద మీ నాన్నతో ఉన్నానన్నారు. ఏడంతస్తుల కింద ఫ్యూజు ఎలా పెట్టారు?"

అన్నయ్య పెదాలు కదిలాయి. అతను అబద్ధాలకి అలవాటుపడ్డ మనిషి కాదు. నలభై నాలుగేళ్ళు నోరు మూసుకోవడం ఒక్కటే అతనికి చేతనైంది.

"మీ ఇంట్లో ఎంతమంది ఒప్పుకుంటారండీ?" ఆవిడ గొంతు మొదటిసారి పగిలింది. "మొదట మీ నాన్న. ఇప్పుడు మీరు. రేపు ఇంకొకరా? నేను ఎనిమిదేళ్ళప్పుడు స్టేజీ మీద పాట పాడుతూ గుమ్మం వైపే చూశాను, మా నాన్న వస్తాడని. అప్పట్నించీ చూస్తూనే ఉన్నాను. నాకు శిక్షలొద్దు, కేసులొద్దు. ఎవరో చెప్పండి. ఒక్కసారి నిజం చెప్పండి, చాలు."

అమ్మ ఎడమ చేత్తో కుర్చీ చెయ్యి మీద కొట్టింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. ఆ చప్పుడుకి అందరూ తలలు తిప్పి చూశారు. ముందు వరసలు దారిచ్చాయి. బుల్లి కుర్చీని తోసుకుంటూ వేదిక కిందకి తెచ్చి, సరిగ్గా ఆవిడ ఎదురుగా ఆపింది. వెనకాల అక్క వచ్చి అమ్మ భుజం మీద చెయ్యేసింది. ఇంక అడ్డు చెప్పలేదు.

అన్నయ్య మైకు గట్టిగా పట్టుకున్నాడు. బుల్లి మెట్లెక్కి అతని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. అతని కళ్ళు బతిమాలుతున్నాయి. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మా అన్నయ్య కూడా మా నాన్నలాగే అబద్ధం చెబుతున్నాడు," అంది మైకులో. "ఆ వేళ మా నానమ్మకి ఆయాసమొచ్చింది. లిఫ్టులో కిందకి దింపాలని మా ఇంటి స్పేరు ఫ్యూజు తీసి పెట్టారు. నాన్న ప్రార్థన టైము కాబట్టి లోపల ఎవరూ ఉండరని నమ్మి పెట్టారు. పైన ఎవరో బటను నొక్కడంతో క్యాబిను లేచింది. పెట్టిన మనిషికి ఇప్పుడు మాట లేదు. చెప్పమని నన్నడిగింది. అందుకే తన మాట నేను చెబుతున్నాను."

కళ్ళజోడావిడ చూపు బుల్లి మొహం మీంచి కిందకి, చక్రాల కుర్చీ వైపు జారింది. అమ్మ ఆ చూపుకి ఎదురుగా తలెత్తి కూర్చుంది.

"ఎవరు?" అంది ఆవిడ. గొంతులో గాలి తప్ప ఇంకేం లేదు.

"మా అమ్మ," అంది బుల్లి.